“ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను”: గజేంద్రుడి మాటల వరస

పోతన భాగవతంలో, మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు గజేంద్రుడు “లావొక్కింతయు లేదు” పద్యంలో “ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను” అంటాడు గదా, ప్రాణం ఒకటే అయినప్పుడు బహువచనం ఎందుకు వచ్చింది, ఆ ఠావులు ఏమిటి అని ఈ గుంపులో ఒక సభ్యురాలు అడిగారు. “ప్రాణం పోతోందని అర్థం” అంటూ కొందరు వెంటనే జవాబిచ్చారు. ఆ జవాబు తప్పు కాదు గాని, అక్కడితో ఆగిపోతే నీటిలో చిక్కుకున్న జీవి ఎలా అలసిపోతుందో పోతన ఒక క్రమంలో చెప్పిన సంగతి మనకు కనిపించకుండా పోతుంది. అందుచేత కొంచెం విస్తరించి రాస్తున్నాను.

లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను; మూర్ఛ వచ్చెఁ; దనువున్ డస్సెన్; శ్రమంబయ్యెడిన్;
నీవే తప్ప నితఃపరం బెరుఁగ; మన్నింపందగున్ దీనునిన్;
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షింపు భద్రాత్మకా!

ఠావు అంటే తావు, చోటు. ప్రాణ, అపాన, సమాన, ఉదాన, వ్యానములనే అయిదు వాయువులకు శరీరంలో అయిదు చోట్లు ఉన్నాయని సంప్రదాయం చెబుతుంది: ప్రాణం హృదయంలోను, సమానం నాభిలోను, ఉదానం కంఠంలోను ఉంటాయి, అపానం దిగువన ఉంటుంది, వ్యానం ఒళ్లంతా వ్యాపించి ఉంటుంది. ఆ అయిదూ ఉండవలసిన చోట్లలో లేవని గజేంద్రుడి మాటకు అర్థం. బహువచనం అందుకే వచ్చింది. మనం ఇవాళ “పైప్రాణాలు పైనే పోయాయి” అంటున్నప్పుడు కూడా ఆ బహువచనాన్నే, కదిలిపోవడమనే ఆ ఊహనే వాడుతున్నాం. అయితే ప్రాణాలు పోయాయని గజేంద్రుడు అనలేదు, తావులు తప్పాయని మాత్రమే అన్నాడు. ఊపిరి ఇంకా ఉంది, కాని అది ఛాతీలో నిలకడగా ఆడడం లేదు. నీళ్లలో గుటకలు మింగి బయటపడ్డవారెవరైనా ఈ తేడాను గుర్తుపడతారు.

ఇక వరస సంగతికి వస్తాను. మొదట లావు, అంటే బలం, తరిగింది. బలం తరిగిన తరువాత ధైర్యం ఊగిసలాడింది. ఆ పైన ఊపిరి చెదిరింది, స్పృహ తప్పబోయింది, చివరకు ఒళ్లు చేతగానిదైంది. మూర్ఛ వచ్చినవాడు పద్యం ఎలా చెబుతాడని తరగతి గదుల్లో అడిగే ప్రశ్నకు ఇక్కడే సమాధానం ఉందనుకుంటాను: అది పూర్తిగా తెలివి తప్పడం కాదు, కళ్లకు కమ్ముకొస్తున్న చీకటి. క్రియలను గమనించండి. అయ్యె, తప్పెను, వచ్చె, డస్సెన్ అంటూ జరిగిపోయినవాటిని చెప్పుకుంటూ వచ్చి, “శ్రమంబయ్యెడిన్” దగ్గరకు రాగానే వర్తమానంలోకి మారాడు. మిగిలినవన్నీ అయిపోయాయి, శ్రమ మాత్రం ఈ క్షణాన కూడా పడుతూనే ఉన్నాడు. పోరాటం మానేసిన వాడి మాట కాదిది.

ఈ పద్యాన్ని విడిగా కంఠస్థం చేయించడం వల్ల మనకు ఒక నష్టం జరిగిందని నా అభిప్రాయం. దీన్ని కేవలం దీనాలాపంగా వినడం అలవాటైపోయి, దీని ముందున్న పోరు మరుగున పడింది. అష్టమ స్కంధంలో ఆ పోరును పోతన ఎంత దూరం నడిపించాడో చూడండి:

అలయక సొలయక వేసట
నొలయక కరి మకరితోడ నుద్దండత రా
త్రులు సంధ్యలు దివసంబులు
సలిపెం బో రొక్క వేయి సంవత్సరముల్.

వేయి సంవత్సరాలు అలయక, సొలయక పోరాడినవాడు “లావొక్కింతయు లేదు” అనడానికీ, నీళ్లలో దిగీ దిగకముందే చేతులెత్తేసినవాడు ఆ మాటే అనడానికీ పోలికే లేదు. ఓటమికి కారణం బలహీనత కాదని పోతన మరో పద్యంలో తేటగా చెప్పాడు:

జీవనంబు తనకు జీవనంబై యుంట
నలవుఁ జలము నంతకంత కెక్కి
మకర మొప్పె, డస్సె మత్తేభమల్లంబు
బహుళపక్ష శీతభాను పగిది.

మొదటి జీవనం నీరు, రెండవ జీవనం బతుకు. మొసలికి నీరే బతుకు కనుక గడియ గడియకూ దాని సత్తువ, పట్టుదల పెరిగాయి. ఏనుగు కృష్ణపక్షపు చంద్రుడిలా క్షీణించింది. ఒకరి బతుకుతెరువైన చోటే ఇంకొకరికి ప్రాణగండం కావడాన్ని ఇంత క్లుప్తంగా, ఇంత నిష్పక్షపాతంగా చెప్పిన పద్యం నాకు మరొకటి తెలియదు, ఎందుకంటే ఇక్కడ మొసలి మీద నింద లేదు. వేమన కూడా “నీళ్లలోన మొసలి నిగిడి యేనుఁగుఁ బట్టు” అని మొదలుపెట్టి, అదే మొసలి బయట కుక్కచేత భంగపడుతుందని, అది స్థానబలిమే గాని తన బలిమి కాదని అన్నాడు. పోతన పద్యంలోని “డస్సె”, గజేంద్రుడి నోట “తనువున్ డస్సెన్” అయి మళ్లీ వినిపిస్తుంది. కవి బయటినుంచి చూసి చెప్పినదాన్ని పాత్ర లోపలినుంచి చెప్పుకుంటోంది.

లోపలికీ బయటికీ ఉన్న ఆ తేడా వాక్యాల కూర్పులో కూడా ఉంది, నన్ను అన్నింటికన్న ఎక్కువగా ఆకట్టుకున్నది అదే. ఏనుగు అవస్థను కవి వర్ణించిన ఈ ఉత్పలమాలను పక్కన పెట్టుకోండి:

ఊహ గలంగి జీవనపుటోలమునం బడి పోరుచున్ మహా
మోహలతా నిబద్ధ పదమున్ విడిపించుకొనంగ లేక సం
దేహముఁ బొందు దేహి క్రియ దీనదశన్ గజ ముండె భీషణ
గ్రాహ దురంత దంత పరిఘట్టిత పాదఖురాగ్ర శల్యమై.

ఇక్కడ కూడా జీవనమంటే నీరూ, సంసారమూ రెండూను. మోహమనే తీగకు కాలు చిక్కి విడిపించుకోలేక సందేహంలో పడిన మనిషిలా ఏనుగు ఉందని కవి అంటున్నాడు. నాలుగు పాదాలూ ఒకే వాక్యం, చివర ఊపిరి బిగబట్టి చదవవలసినంత దీర్ఘ సమాసం. గట్టున నిలబడి చూస్తున్న కవికి అంత ఊపిరి ఉంది. నీళ్లలో ఉన్న గజేంద్రుడికి లేదు గనుక, అతని పద్యంలో మొదటి రెండు పాదాల్లోనే ఆరు పొట్టి వాక్యాలు పడ్డాయి. శార్దూలం వంటి గంభీర వృత్తంలో, పెద్ద సమాసాలకు అలవాటుపడిన చేయి, కావాలనే ఇలా తునకలు చేసిందని నేను నమ్ముతున్నాను.

నిజజీవితంలో మునిగిపోయేవారికి ఆ పొట్టి వాక్యాలు కూడా దక్కవు. నోరు నీటిపైకి వచ్చే ఆ కాస్త సమయమూ ఊపిరి పీల్చుకోవడానికే సరిపోదు గనుక కేక వేయలేరని, చేతులు నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి గనుక ఎత్తి ఊపలేరని, ఒడ్డున ఉన్నవారికి ఏమీ వినిపించకుండానే నిమిషంలోపు అంతా జరిగిపోవచ్చని, మునిగేవారిని కాపాడే శిక్షణలో చెబుతారు. 2021లో ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. గజేంద్రుడికి తొండం ఉంది, ఏనుగు తొండాన్ని పైకెత్తి ఊపిరి తీసుకోగలదు, ఈదగలదు. అతని ఆపద లోతు కాదు, కాలి పట్టు. అందుకే మొర పెట్టుకోగలిగాడు.

ఆ మొరకు ముందు కూడా ఒక గడ్డు ఘడియ ఉంది. “కలఁడు కలం డనెడువాఁడు కలఁడో లేఁడో” అన్న సందేహం “లావొక్కింతయు” కన్న ముందే వచ్చింది, పోతన దాన్ని దాచలేదు. నమ్మకం గట్టిగా ఉన్నవాడు పిలిచిన పిలుపుగా గాక, ఉన్నాడో లేడో తెలియకపోయినా పిలిచిన పిలుపుగా చదివితేనే “నీవే తప్ప నితఃపరం బెరుఁగ” అన్న మాటకు పూర్తి బరువు వస్తుంది.

పిల్లలకు ఈ పద్యం నేర్పుతున్నవారికి ఒక మనవి. “అలయక సొలయక”, “జీవనంబు తనకు” పద్యాలను కూడా ముందుగా చదివించండి. “లావొక్కింతయు” చదివేటప్పుడు రాగం సాగదీయకుండా లేదు, అయ్యె, తప్పెను, వచ్చె, డస్సెన్, అయ్యెడిన్ అన్న ఆరు చోట్లా ఆగనివ్వండి; “ప్రాణంబులున్” దగ్గర పాదం ముగిసినా వాక్యం ముగియలేదు గనుక అక్కడ మాత్రం ఆగకుండా “ఠావుల్” మీదికి వెళ్లనివ్వండి.