ఫాగ్ మెషీన్‌తో గాలి సందులు పట్టడం: ఎవరైనా చేశారా?

కొండాపూర్_తొమ్మిదో_అంతస్తు: పడమటి బెడ్‌రూమ్. కిటికీలు మూసే ఉన్నా రోజూ దుమ్ము, ఏసీ ఆపిన కాసేపటికే ఉడక. పెళ్లిళ్లలో వాడే 400 వాట్ల ఫాగ్ మెషీన్ పనికొస్తుందా? కర్టెన్లకు మరకలవుతాయా?

పొగరాయుడు: కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ఏసీ, ఫ్యాన్లు బంద్ చెయ్యాలి. మెషీన్ వేడెక్కి లైటు వెలిగేదాకా ఆగాలి, తొందరపడి నొక్కితే పొగ బదులు లిక్విడ్ చిమ్ముతుంది. గుమ్మంలో టేబుల్ ఫ్యాన్ పెట్టి, చుట్టూ అట్టలు టేపుతో అంటించి, గాలి లోపలికి కొట్టండి. పొగ పది సెకన్లు చాలు. గదంతా తెల్లబడ్డాక ఏ సందూ తెలీదు.

కిటికీల_మామ: లోపలికి కొడితే పొగ బయటికి పోతుంది. తొమ్మిదో అంతస్తు బయట నిలబడి చూసేదెవరు స్వామీ? బాత్రూమ్ ఎగ్జాస్ట్ వేసి, ఆ తలుపు తెరిచి, మెయిన్ డోర్ మూసి, కిటికీ ట్రాక్ పక్కన అగరుబత్తి పట్టుకోండి. పొగ గదిలోకి వంగిన చోటే సందు.

పొగరాయుడు: దాన్ని పూజంటారు, టెస్ట్ అనరు. అగరుబత్తి పొగ తన వేడికే పైకి లేస్తుంది.

కిటికీల_మామ: మీ ఫాగ్ ఏమైనా ఫ్రిజ్‌లోంచి వస్తుందా? అసలు మీ టేబుల్ ఫ్యాన్ ఒత్తిడి కొలిచారా? మేస్త్రీ లెవెల్ పైపు యూ ఆకారంలో వంచి, నీళ్లు పోసి, ఒక కొస కిటికీ బయటికి పెట్టండి. బ్లోయర్ డోర్ (లీకులు కొలవడానికి గుమ్మానికి బిగించే పెద్ద ఫ్యాన్) ఇచ్చే 50 పాస్కల్స్‌కి రెండు మట్టాల తేడా 5 మిల్లీమీటర్లు. మీ ఫ్యాన్‌కి అర మిల్లీమీటరు కదిలితే గొప్ప.

పొగరాయుడు: సందు దొరికితే చాలు, పాస్కల్స్ ఎవడిక్కావాలి?

ఆడిట్_అన్న: ఇద్దరూ సగమే చెప్పారు. నాకు అన్నం పెట్టేది ఈ పనే. ఇండిపెండెంట్ ఇంటికైతే లోపలికి కొట్టి బయటి నుంచి చూడాలి. ఫ్లాట్‌కి ఎగ్జాస్ట్‌తో లోపలికి లాగుడే. మెషీన్ బాల్కనీలో పెట్టి, గదిలో లైట్లు ఆపి టార్చ్ పక్క నుంచి వెయ్యండి, సందులోంచి వచ్చే పొగ పోగులా కనిపిస్తుంది. జూన్, జూలైల్లో పడమటి గాలి మీ ఫ్యాన్‌ని మింగేస్తుంది, తెల్లారగట్ల చెయ్యండి. స్లైడింగ్ షట్టర్లు రెండూ కలిసే చోటు, ఏసీ రాగి పైపు రంధ్రం, స్విచ్‌బోర్డు తప్పక చూడండి. షట్టర్ అంచున సందు మూసే ఉన్ని బ్రష్ అరిగితే పాత ముక్క పట్టుకునే షాపుకెళ్లండి. బ్రష్ ఎత్తు ఎక్కువైతే షట్టర్ జరగదు.

వంటింటి_ఇంజినీర్: ట్రాక్ కింద నీళ్లు పోయే రంధ్రాలకు సిలికాన్ కొట్టకండి. వానకి ట్రాక్ నిండి నీళ్లు గదిలోకి దిగుతాయి.

దోమల_బాధితుడు: దోమలొచ్చేదే అక్కణ్ణుంచి!

వంటింటి_ఇంజినీర్: సన్న జాలీ పెట్టండి, సీల్ వద్దు. ఎగ్జాస్ట్ లాగుతున్నంతసేపు గ్యాస్ గీజర్ ఆపాలి, లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి వస్తుంది. సిలిండర్ దగ్గర నేలమట్టం జాలీ కూడా మూయొద్దు, ఎల్‌పీజీ గాలి కంటే బరువు.

దోమల_బాధితుడు: డ్రై ఐస్ అయితే చవక కదా?

ఆడిట్_అన్న: ఆ మంచు నేల మీద పాకుతుంది, కిటికీ దాకా లేవదు. పైగా మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్, ప్రాణం మీదికొస్తుంది. అన్నట్టు ఫాగ్‌కి స్మోక్ డిటెక్టర్ మోగుతుంది. వాచ్‌మన్‌కి ముందే చెప్పండి, కింద నుంచి చూసి ఎవరో 101కి కొడతారు.

కొండాపూర్_తొమ్మిదో_అంతస్తు: కర్టెన్ల సంగతి?

కిటికీల_మామ: ముందు పొగరాయుణ్ణి లెవెల్ పైపు కొలిచి రమ్మనండి.