అణు పరిశోధన ఖర్చునీ, సౌర పవన విద్యుత్తునీ ఎలా పోల్చాలి?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు, చెన్నైలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. అణు పరిశోధనకు ఏ ప్రాంతం ఎంత ఖర్చు పెడుతోంది, అక్కడ సౌర, పవన విద్యుత్తు ఎంత పుడుతోంది అన్నది నా ప్రాజెక్టు. ఎక్సెల్ షీటులో ఒక కాలమ్ నిండా కోట్ల రూపాయలు, పక్క కాలమ్ నిండా యూనిట్లు. గ్రాఫ్ గీసి చూపిస్తే మా గైడ్ గారు "వంకాయల ధరకీ వానకీ పోలికా?" అన్నారు.

అసలు తంటా తమిళనాడు దగ్గరే. కల్పాక్కంలో 1971 నుంచి పరిశోధన కేంద్రం ఉంది, కానీ ఆ డబ్బు కేంద్ర ప్రభుత్వానిది. ముప్పందల్ గాలిమరల కరెంటేమో రాష్ట్రం లెక్కలోకి వస్తుంది. మరి కల్పాక్కం ఖర్చుని తమిళనాడు ఖాతాలో వెయ్యొచ్చా, దేశం మొత్తంగానే చూడాలా? యూరప్‌లోనూ ఇదే గొడవ. దేశాల బడ్జెట్లు కాక యూరటామ్ (యూరప్ దేశాల ఉమ్మడి అణుశక్తి సంస్థ) నిధులు వేరే ఉన్నాయి. కూడితే ఒకే డబ్బు రెండుసార్లు పడుతుందేమోనని టెన్షన్.

మా కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లు, కూడంకుళంలో ఒక్కో రియాక్టరూ 1000 మెగావాట్లే. కానీ రాత్రయితే మా ఊరిది సున్నా కదా! అందుకే సామర్థ్యం వదిలేసి ఏడాది ఉత్పత్తే తీసుకున్నాను. సరేనా?

జర్మనీ 2023 ఏప్రిల్‌లో చివరి రియాక్టర్లు ఆపేసింది, ఫ్యూజన్ (పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించడం) పరిశోధన మాత్రం నడుస్తోంది. ఆ ఖర్చుని అణు పరిశోధన లెక్కలో కలపాలా, వద్దా? ఇలాంటి లెక్కలు చేసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.