చార్మినార్‌లో చీరాల దిగితే తెల్లారేదాకా ఎక్కడుండాలి?

శుక్రవారం రాత్రి వరంగల్‌లో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, వాడరేవులో రెండు రోజులు ఊరికే సముద్రం చూస్తూ కూర్చోవాలని మా ప్లాన్. చిక్కల్లా ఆ రైలు అర్ధరాత్రి దాటాక చీరాలలో దించుతుంది. అక్కడి నుంచి బీచ్ 6-7 కిలోమీటర్లు. ఫోన్ చేసిన రిసార్టులన్నీ చెక్-ఇన్ మధ్యాహ్నం 12కే అంటున్నాయి, ముందే వస్తే ఇంకో రోజు అద్దె కట్టాలట. పగటిపూట కృష్ణా ఎక్స్‌ప్రెస్ కూడా చూశాను గానీ, దాంతో శనివారం సగం రైల్లోనే పోతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, వెంట 4 ఏళ్ల పాప. సేద తీరడానికి పోతూ ప్లాట్‌ఫాం బెంచీ మీద జాగారమా అని టెన్షన్. చీరాల స్టేషన్ దగ్గర్లో ఆ వేళకు తలుపు తీసి, పొద్దున దాకా ఫ్యామిలీకి గది ఇచ్చే లాడ్జి, మీరు స్వయంగా దిగినది, ఏదైనా ఉందా?