1/72 ఎంఐ-8టి కిట్టును మన వాయుసేన ఎంఐ-17 వి-5గా మార్చడం గురించి

ప్రశ్న: సిరోంచ, గడ్చిరోలి జిల్లా

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఉపాధ్యాయుడిని. ఎన్నికల విధుల్లో భాగంగా లోపలి గ్రామాల పోలింగ్ కేంద్రానికి మమ్మల్ని వాయుసేన ఎంఐ-17 వి-5 హెలికాప్టర్‌లో తీసుకెళ్లారు. ఓటింగ్ యంత్రాల పెట్టెలు పట్టుకుని వెనుక ర్యాంపు మీదుగా ఎక్కి, గోడవారనున్న మడత సీట్ల మీద కూర్చున్నాము. ఆ హెలికాప్టర్ చిన్న నమూనాను నా చేతులతో తయారు చేసుకోవాలని అప్పటినుంచీ మనసులో ఉంది.

నా దగ్గర ఉన్నది మాత్రం 1/72 కొలతలో (అసలుదానిలో డెబ్బై రెండో వంతు) జ్వెజ్దా కంపెనీ వారి ఎంఐ-8టి అనే పాత రకం హెలికాప్టర్ ప్లాస్టిక్ నమూనా కిట్టు. దీనికి ముందు గుండ్రటి గాజు ముక్కు, వెనుక చిప్పల్లా రెండుగా విచ్చుకునే తలుపులు ఉన్నాయి. దేహపు రెండు సగాలను ఇంకా అతికించలేదు. తోక రోటర్‌ను (తోక చివర తిరిగే చిన్న పంకాను) కిట్టులో చూపినట్టు కుడివైపే ఉంచాలా? ముక్కును, వెనుక భాగాన్ని దేనితో చేయాలి? విడిగా మార్పిడి భాగాలు తెప్పించుకునే వీలు నాకు లేదు.

జవాబు: సునాబెడ, కోరాపుట్ జిల్లా

మాస్టారూ, సగాలు అతికించకుండా ఆగడం చాలా మంచిదైంది. నేను ఒకసారి అతికించిన తరువాత రంధ్రం వేయబోయి తోక రెక్కను నిలువునా చీల్చుకున్నాను.

తోక రోటర్ ఎడమవైపుకే రావాలి. రెండు రకాలలోనూ పెద్ద రోటర్ పైనుంచి చూస్తే గడియారపు ముల్లు దిశలో తిరుగుతుంది కాబట్టి దేహం దానికి ఎదురు దిశలో తిరగబోతుంది, దానిని నిలపడానికి తోకను ఎడమకు నెట్టవలసి ఉంటుంది. ఆ పనిని ఎంఐ-8టిలో కుడివైపునున్న రోటర్ చేస్తే, ఎంఐ-17లో ఎడమవైపునున్న రోటర్ చేస్తుంది. కుడి రంధ్రాన్ని పుట్టీతో పూడ్చి, సరిగ్గా దానికి ఎదురుగా చేతితో తిప్పే సన్న డ్రిల్లుతో ఎడమన కొత్తది వేయండి. రెక్కల మందపు అంచు ఎటు ఉండాలో మాత్రం అసలు హెలికాప్టర్ ఫోటో చూసి నిర్ణయించుకోండి.

చాలామంది మరిచిపోయేది ఇంజను కప్పును. ఎంఐ-8టిలో టివి2-117 ఇంజన్లు, ఎంఐ-17లో టివి3-117 వంశానికి చెందినవి ఉంటాయి. కొత్త రకంలో గాలి తీసుకునే మూతులు పైలట్ల గది మీదికి అంత ముందుకు సాగవు, వాటి ముందు దుమ్మును ఆపే గుండ్రటి ముంతల వంటి కవచాలుంటాయి. కప్పు ముందు భాగాన్ని కోసి, పెన్ను క్యాపుల గుండ్రటి కొసలను అక్కడ అమరిస్తే ఆకారం బాగా కుదురుతుంది. ఈ ఒక్క మార్పు చేయకపోతే మిగిలినదంతా ఎంత చక్కగా చేసినా చూపరులకు ఎంఐ-8గానే కనిపిస్తుంది.

జవాబు: బరంపురం, గంజాం జిల్లా

పై మాటలన్నీ నిజమే, కానీ నేనైతే వెనుక భాగంతో మొదలుపెడతాను. అక్కడ దేహపు ఆకారమే మారుతుంది, అది కుదరకపోతే మిగతా శ్రమ వృథా అవుతుంది. చిప్ప తలుపులను వాడకుండా, పాత ఏటీఎం కార్డు ప్లాస్టిక్‌తో ఏటవాలుగా బల్లపరుపు ర్యాంపు కోసుకోండి. కుడివైపు అదనపు తలుపు ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

ముక్కుకు ఎం-సీల్ చాలు. కొంచెం పెద్దదిగా ముద్ద పెట్టి, ఒక రాత్రి పూర్తిగా గట్టిపడనిచ్చి, తడి వాటర్ పేపర్‌తో నెమ్మదిగా అరగదీస్తూ డాల్ఫిన్ మూతి ఆకారానికి తీసుకురండి. గుండ్రటి కిటికీల అద్దాలకు ఫెవిక్విక్ దగ్గరికి కూడా రానివ్వకండి, దాని ఆవిరితో అద్దం తెల్లగా మసకబారిపోతుంది. వాటిని ఫెవికాల్‌తో అతికించండి, ఆరాక పారదర్శకంగా ఉంటుంది. వాయుసేన గుర్తులో వెలుపలి వలయం కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ.

ప్రశ్న అడిగినవారు: సిరోంచ

ఇద్దరికీ కృతజ్ఞతలు. బరంపురం వారు చెప్పినట్టు వెనుకనుంచే మొదలుపెడతాను. ర్యాంపును తెరిచి ఉంచాలని నిర్ణయించుకున్నాను, మేము ఎక్కినది అటునుంచే కదా. అందుకు లోపలి నేలను, గోడవార సీట్లను కూడా చేయవలసి ఉంటుంది, కాబట్టి ఆ పని పూర్తయ్యేదాకా సగాలను అతికించను.