మోటార్‌హోమ్‌లో నీళ్ల పంపు అప్పుడప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోతోంది

ప్రశ్న

అందరికీ నమస్కారం. అమెరికాలో మేము వాడుతున్న పాత మోటార్‌హోమ్‌లో (ఇల్లులా వాడుకునే వాహనంలో) 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు ఉంది. కుళాయి తిప్పగానే చాలాసార్లు మామూలుగానే పనిచేస్తుంది కానీ, కొన్నిసార్లు ఏ చప్పుడూ చేయదు. పంపు మీద చేత్తో తడితే మళ్లీ అందుకుంటుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటుకు తగిలించినప్పుడు ఈ ఇబ్బంది తక్కువగానూ, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఎక్కువగానూ కనిపిస్తోంది. ఫ్యూజు బాగానే ఉంది, ట్యాంకులో నీళ్లున్నాయి. చిన్నపిల్లలతో ఊరికి దూరంగా ఆగినప్పుడు నీళ్లు రాకపోతే చాలా కష్టమవుతోంది. పంపు మార్చేయమని కొందరు అంటున్నారు. మార్చే ముందు ఏమేం చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు

పంపు ఇప్పుడే కొనకండి. పంపు తిరుగుతున్నా నీళ్లు రాకపోతే, ట్యాంకు వైపు గొట్టంలోకి గాలి చేరడమో, జల్లెడ పూడుకుపోవడమో కారణమవుతుంది. మీది అసలు చప్పుడే చేయడం లేదు కాబట్టి లోపం కరెంటు వైపు ఉంది. ఈసారి ఆగినప్పుడు పంపును తట్టకుండా, కుళాయి తెరిచే ఉంచి, పంపుకు వచ్చే రెండు తీగల మధ్య పరీక్షించండి. అయితే తీగలు ఊడదీసి ఒట్టి మల్టీమీటరు పెట్టి, అది చూపిన అంకెను నమ్మవద్దు. కరెంటు పారనంతసేపూ చిలుము పట్టిన అతుకు గుండా కూడా మీటరు 12 వోల్టులూ నిక్షేపంగా చూపిస్తుంది. 7 ఆంపియర్ల దాకా లాగే మోటారు తగిలేసరికి ఆ వోల్టేజీలో చాలా భాగం అతుకు దగ్గరే ఖర్చయిపోతుంది. అందుకే కారు బ్రేకు లైటుకు వాడే 21 వాట్ల బల్బుకు రెండు తీగలు అతికించి దానితో చూడండి. నిండుగా వెలిగితే లోపం ప్రెషర్ స్విచ్‌లోనో (నీటి ఒత్తిడిని బట్టి పంపును నడిపి, ఆపే స్విచ్) మోటారులోనో ఉంది. మసకగా వెలిగినా, వెలగకపోయినా లోపం పంపులో కాదు, దానికి కరెంటు తెచ్చే తీగల దారిలో ఉంది.

జవాబు

పై మిత్రులు చెప్పినదే సరైన దారి. బల్బు బాగా వెలిగిన పక్షంలో, పంపు తల మీద ఉండే ప్రెషర్ స్విచ్ రెండు కొసలనూ చిన్న తీగతో ఒక్క క్షణం కలపండి. పంపు తిరిగితే స్విచ్ కాంటాక్టులు చెడిపోయాయని అర్థం. చాలా పంపులకు ఆ స్విచ్ విడిగానే దొరుకుతుంది. ఇలా చేసేటప్పుడు కుళాయి తప్పకుండా తెరిచి ఉండాలి, లేకపోతే ఒత్తిడి హద్దు మీరి గొట్టాల జాయింట్లు ఊడిపోవచ్చు. స్నానం మధ్యలో ఆగి, కాసేపటికి తనంతట తానే తిరిగితే మోటారు వేడెక్కిందని అనుకోవచ్చు గానీ, మీరు చెప్పిన లక్షణాలు అలా లేవు. నా అనుమానమంతా ఎర్త్ మీదే, అంటే పంపు నెగెటివ్ తీగ ఛాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) కలిసే దారి మీదే. క్యాంప్‌గ్రౌండ్ కరెంటుతో ఛార్జింగ్ జరుగుతున్నప్పుడు 13.6 వోల్టుల దాకా అందుతుంది గనుక బలహీనమైన అతుకు కూడా నెట్టుకొస్తుంది. బ్యాటరీ మీద ఆ వెసులుబాటు ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న పంపు ఆగినప్పుడు బల్బు పెట్టి చూస్తే నిప్పుకణికలా ఎర్రగా మాత్రమే వెలిగింది. పాజిటివ్ కొసను అలాగే ఉంచి, రెండో కొసను పొడవాటి తీగతో నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు కలిపితే నిండుగా వెలిగింది. పంపు నెగెటివ్ తీగ వెంట వెళ్తే మంచం కింద ఛాసిస్‌కు బిగించిన స్క్రూ దొరికింది. స్క్రూ బిగువుగానే ఉంది కానీ, లగ్ (తీగ కొసన స్క్రూకు తగిలించే లోహపు ముక్క) దగ్గర తొడుగు ఒలిచి చూస్తే రాగి పోగులకు ఆకుపచ్చ చిలుము పట్టి, రెండు మూడు తప్ప అన్నీ తెగిపోయి ఉన్నాయి. తీగను ఎంతవరకు కత్తిరించాలి? కొత్త లగ్ ఎలాంటిది వేయాలి?

జవాబు

ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పండి. లోపలి రాగి శుభ్రంగా మెరిసే చోటు వచ్చేదాకా కత్తిరించి, తగరం పూత ఉన్న రింగ్ లగ్‌ను క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసేది) తొడగండి. ఛాసిస్ మీది రంగు, తుప్పు గీకేసి, పళ్ల వాషర్ వేసి బిగించండి. పంపు అదురు తీగ మీద పడకుండా కాస్త వదులు ఉంచి, మధ్యలో ఒక క్లిప్ వేయండి. మీ పోగులు తెగింది బహుశా ఆ అదురు వల్లే. ఆ తర్వాత పంపు తిరుగుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కూ పంపు నెగెటివ్‌కూ మధ్య మీటరు పెడితే అర వోల్టు కన్నా తక్కువ రావాలి. ఎక్కువ వస్తే ఆ దారిలో ఇంకో అతుకు చెడి ఉన్నట్టే; బ్యాటరీ నుంచి ఛాసిస్‌కు వెళ్లే లావు తీగ రెండు కొసలూ విప్పి చూడండి.