ఈ వారం సమస్య (చివరి పాదం ఇది, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి): "తండ్రి నమ్ముకొనియె తనయు డొకడు"

మూలాపేట మాస్టారు: నాన్నల మీద పద్యాలు కావాలని అందరూ అడిగారు. నాన్ననే అమ్మకానికి పెట్టాను. కాపాడుకోండి.

టంగుటూరు తమ్ముడు:
ఊరు విడిచి పోయి యుద్యోగ మూడగా
తిరిగి వచ్చి యింట తెగిన చెప్పు
కుట్టుకొనుచు నవ్వు గుండె దిటవు గల్గు
తండ్రి నమ్ముకొనియె తనయు డొకడు

కావలి అక్క: అమ్మకాన్ని నమ్మకం చేశావు, శభాష్ తమ్ముడూ!

అద్దంకి అవధాని: తండ్రిన్ + నమ్ముకొనియె అంటే "తండ్రి న్నమ్ము" కావాలి కదా? "డ్రి" గురువు, అంటే బరువైన అక్షరం, అయిపోతుంది.

మూలాపేట మాస్టారు: ఆ చివరి "న్"కి, అదే ద్రుతానికి, లోపమూ ఉంది అవధాని గారూ. గణం, అంటే గురు లఘువుల లెక్క, నిక్షేపంగా ఉంది.

రంగనాయకులపేట:
పెన్న గట్టు మీద పెట్టి రంగని బొమ్మ
బేరమాడి యాడి వేసరిల్లి
యెల్ల లోకములకు నే తండ్రి గలడొ యా
తండ్రి నమ్ముకొనియె తనయు డొకడు
తండ్రిన్ + అమ్ముకొనియె: అమ్మకాన్ని అమ్మకంగానే ఉంచాను, గమనించగలరు.

అద్దంకి అవధాని: విరుపు బాగుంది, ఒప్పుకుంటున్నా. కానీ రెండో పాదంలో "బే"కి "వే" యతా, ఆ అక్షరాలకు మైత్రి కుదురుతుందా? అయినా మీకు పక్కవాళ్ళవి కలిపేసుకోవడం అలవాటేలెండి. పోయిన నెల పూరణలో భారతంలోని అరణ్యపర్వ శేషం మీ నెల్లూరి తిక్కన చేత రాయించారు. మా అద్దంకి రాజు వేమారెడ్డి కొలువులో ఉన్న ఎఱ్ఱన ఆస్తి అది!

రంగనాయకులపేట: బ-వలకు అభేదం, చెల్లుతుంది. తిక్కన సంగతి పొరపాటేనని అప్పుడే ఒప్పుకున్నా. మీ "కూలి పనులకు వెళ్ళి కూడు తెచ్చు" పాదంలో రెండో గణానికి ఒక లఘువు, అంటే తేలిక అక్షరం, ఎక్కువైతే మేమెవరం దండోరా వేయలేదే.

అద్దంకి అవధాని: అది టైపింగ్ తప్పు. "పనికి".

కావలి అక్క: ఇద్దరూ కాస్త ఆగండయ్యా. తమ్ముడూ, ఆ చెప్పు మీ నాయనదేనా?

టంగుటూరు తమ్ముడు: అవునక్కా. ఎడమ కాలిది. బొటనవేలి పట్టీ తెగితే గోనె కుట్టే దబ్బనంతో, పురికొసతో తనే కుట్టుకున్నాడు. మర్నాడు పొగాకు వేలానికి అవే తొడుక్కుని వెళ్ళాడు. బేళ్ళకు అనుకున్న ధర రాలేదు. ఇంటికొచ్చి, "చెప్పు మాత్రం నిలబడిందిరా" అన్నాడు.

కావలి అక్క: ఆ మాట పద్యంలో ఎందుకు పెట్టలేదు?

టంగుటూరు తమ్ముడు: గణాల్లో ఇమడలేదక్కా.

అద్దంకి అవధాని: "గల్గు" తీసేస్తే ఇముడుతుందేమో చూడు. అక్కడ అది పాదం నింపడానికే ఉంది.