అప్‌డేట్: పీకేఎం2 నిజంగా కణ విభజనలో వేలు పెడుతుందా?

మొన్న నేను అడిగింది ఇదీ: గ్లూకోజ్ విచ్ఛిన్నంలో ఆఖరి మెట్టు దగ్గర పనిచేసే పీకేఎం2 అనే ఎంజైమ్‌కి క్యాన్సర్ కణాల విభజనతో ఏం పని అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. మీరు చెప్పిన పేపర్లు చదివాను.

హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం బృందం 2014లో చెప్పిన కథ బాగా ఆకట్టుకుంది. పీకేఎం2 మామూలుగా పీఈపీ (గ్లూకోజ్ విచ్ఛిన్నంలో వచ్చే ఒక అణువు) నుంచి ఫాస్ఫేట్ తీసి ఏడీపీ అనే అణువుకి ఇస్తుంది, దాంతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. విభజన సమయంలో మాత్రం అదే ఫాస్ఫేట్‌ని బబ్3 అనే ప్రొటీన్‌లో 207వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి తగిలిస్తుందట. బబ్3 అంటే క్రోమోజోములు సరిగ్గా అతుక్కున్నాయో లేదో చూసే కాపలా ముఠాలో ఒకటి. ఆ ఫాస్ఫేట్ లేకపోతే బబ్3 కైనెటోకోర్ (క్రోమోజోముని లాగే తాళ్లు అతుక్కునే చోటు) దగ్గరికి చేరదు, క్రోమోజోముల పంపకం గాడి తప్పుతుంది.

ఇక్కడిదాకా హాయిగా ఉంది. కానీ ఒకరు సూచించిన 2015 పేపర్‌తో మళ్లీ టెన్షన్ మొదలైంది! రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఉన్న పీఈపీ వాడి చూస్తే, కొన్ని ప్రొటీన్లకి ఆ రేడియోధార్మిక ఫాస్ఫేట్ అంటుకుంది గానీ, పీకేఎం2 లేకపోయినా అంటుకుంది. చాలావాటికి ఏడీపీ కూడా ఉండాల్సి వచ్చింది. అంటే ముందు ఏటీపీ తయారై, దాన్ని వేరే కైనేజ్‌లు (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లు) వాడుకుని ఉండొచ్చు.

పైగా 2013లో ఎలుకల రొమ్ము క్యాన్సర్ మోడల్‌లో పీకేఎం2 తీసేస్తే కణితులు ఆగలేదు సరికదా, ఇంకా త్వరగా వచ్చాయి.

నా మటుకు నాకు 2015 ప్రయోగమే గట్టిగా అనిపిస్తోంది. సెమినార్‌లో రెండు వాదనలూ పెడుతున్నాను, బబ్3 స్లైడ్ మాత్రం తీసేయడం లేదు.